చేతిలోంచి ఆకు లాగేసే మనిషి

ఇది పన్నెండేళ్ళ కిందటే రాయవలసింది. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. నేర్చుకోవడం మొదలుపెట్టేసరికే నలభై ఐదు దాటాయి. పది వాక్యాలు కుదురుగా రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు కూడా కలం పట్టుకున్న వేళ్ళు ఉల్లిపాయల వాసనేస్తున్నాయి. ఎంత చింతపండేసి తోమినా పోదు. ఆ వాసన తగిలినప్పుడల్లా వెంకాయమ్మగారు పక్కన కూర్చుని కుళ్ళుపాయలు ఏరుతున్నట్టే ఉంటుంది.

మాది కలిదిండి దగ్గర పల్లె. వరిచేలన్నీ చేపల చెరువులైపోయాక మాకు ఊడ్పులూ లేవు, కోతలూ లేవు. నేనూ మా ఆయనా తాడేపల్లిగూడెం వచ్చి ఉల్లిపాయల గోడౌనులో చేరాం. ఆయన లారీల మీంచి బస్తాలు దింపేవారు. నేను పాయలు ఏరేదాన్ని.

ఊళ్ళో మా ఆయన తాగలేదని నేననను. కల్లు రోజుల్లో తాగేవారు. తాళ్ళు గీసే సత్తియ్య మావయ్య తాటాకు మడిచి చేతికిచ్చి, ముంతతో అందులో పోసేవాడు. రెండుసార్లు పోశాక ఆ ఆకు చేతిలోంచి లాగేసి కాలవలో పడేసేవాడు. "ఇక చాల్లే అల్లుడూ, ఇంటికెళ్ళు" అనేవాడు. ఆయనకి ఎదురుచెప్పినవాణ్ణి నేను చూడలేదు. పల్లెటూరివాళ్ళు పట్నం వచ్చి తాగుడు నేర్చారని పెద్దమనుషులు తేలిగ్గా అనేస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నేర్చుకోలేదండీ. పోశారు. ఆకు లాగేసే మనిషి లేని చోట కూర్చోబెట్టి మరీ పోశారు.

గోడౌనులో లోడు దిగేసరికి పొద్దున్న తొమ్మిదయ్యేది. దిగగానే మేస్త్రి తలా ఒక చిన్న సీసా ఇచ్చేవాడు. ఒళ్ళునొప్పులకు మందనేవాడు. అది తాగితే మధ్యాహ్నం రెండో లారీకి కూడా లేచి వస్తారని అతని లెక్క. మొదటి రోజు మా ఆయన వద్దన్నారు.

"ఏరా కొల్లేటి చేపా, నీళ్ళు తప్ప తాగవా?" అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. మర్నాడు ఈయన కూడా తాగారు. రెండు నెలలు తిరిగేసరికి మేస్త్రి ఇవ్వకముందే చెయ్యి చాచేవారు.

వెంకాయమ్మగారు మా ఏరుడు ఆడవాళ్ళకి పెద్ద. ఐదో తరగతి చదివారు. ఒకరోజు తిన్నగా వెళ్ళి మా ఆయన చేతిలో సీసా లాక్కున్నారు.

"మీకెందుకండీ మా మగాళ్ళ గొడవ?" అన్నాడు మేస్త్రి.

"మీ ఇంట్లో అబ్బాయికి కూడా పొద్దున్నే ఇదే పోస్తున్నారా? ఒళ్ళునొప్పులు ఆడవాళ్ళకుండవా? మాకెప్పుడూ ఇవ్వలేదేం?"

ఆడవాళ్ళం పగలబడి నవ్వాం. కానీ అదొక్క రోజే. మర్నాడు ఆయన సీసా చాటుగా తాగారు.

ఆ వానాకాలంలోనే, సీసా తాగాక, రెండో లారీ బల్లచెక్క మీంచి బస్తాతో సహా జారిపడ్డారు. నడుం విరిగింది. ఆస్పత్రి వరండాలో మేస్త్రి నాకొక కాగితం ఇచ్చి, వైద్యం కోసమన్నాడు. వేలిముద్ర వేశాను. సాయంత్రం నకలు చూసి వెంకాయమ్మగారు తల పట్టుకున్నారు.

"తనంతట తాను బయట తాగొచ్చి పడ్డాడని, వైద్యంతో గోడౌనుకి సంబంధం లేదని రాశారే! చదివించుకోకుండా వేలెలా పెట్టావే పిచ్చిదానా?"

పోసినవాడే ఆ మాట రాయించాడు. దాని కింద ముద్ర నాది. మా ఆయన రెండేళ్ళు మంచంలో ఉండి పోయారు. ఆ వేలిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

తర్వాత వెంకాయమ్మగారు లారీ వచ్చేలోపు గోడౌను గచ్చు మీద సుద్దముక్కతో నాకు అక్షరాలు దిద్దించారు. "ముందు నీ పేరు నేర్చుకుంటావా?" అని అడిగారు.

"వద్దండీ. ఆ కాగితంలో మాటలు నేర్పండి" అన్నాను. ఆవిడ గచ్చు మీద 'తాగి' అని రాశారు. నేను మొదట దిద్దిన మాట అదే.

కిందటి నెల వెంకాయమ్మగారు పోయారు. పెద్దకర్మ అయిన రోజు మధ్యాహ్నం, ఆకివీడు వైపునుంచి వచ్చి మొగుడితో గోడౌనులో చేరిన దుర్గ అనే పిల్ల పరుగెత్తుకుంటూ మా ఇంటికొచ్చింది. ముందురోజు ఆమె మొగుడు బస్తాల కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చేతిలో కాగితం. "ముద్ర వేసి రేపు తెమ్మన్నారు, అత్తా" అంది. చదివాను. మనిషి పేరు మారింది. మిగతావన్నీ అవే మాటలు.

మర్నాడు పొద్దున్న నేను దుర్గని వెంటబెట్టుకుని గోడౌనుకెళ్ళి, లోడు దిగి అందరూ ఒకచోట చేరేదాకా ఆగాను. అప్పుడు ఆ కాగితం మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. "నిన్నగాక మొన్న అతనికి సీసా ఎవరిచ్చారో చూసినవాళ్ళు చెప్పండి" అన్నాను. ఒక ముసలి హమాలీ మేస్త్రి వైపు చెయ్యి చూపించి, "ఈయనే ఇచ్చాడమ్మా, మాకూ ఇచ్చాడు" అన్నాడు. ముద్ర వెయ్యని కాగితం దుర్గ మేస్త్రి చేతిలో పెట్టేసింది. పక్కనే కొత్తగా చేరిన కుర్రాడు మూత తియ్యబోతూ ఆగిపోయాడు. నేను వెళ్ళి ఆ సీసా లాగేసుకున్నాను.

"ఇక చాల్లే అల్లుడూ, ఇంటికెళ్ళు" అన్నాను.