అమ్మమ్మ దొడ్లో లేని చంద్రకాంత

నిన్న పొద్దున ఆఫీసుకు బయల్దేరుతుంటే మామయ్య ఫోన్. అమ్మమ్మ నిద్రలోనే పోయిందట.

బ్యాగు కింద పెట్టి బాల్కనీలోకి వెళ్లాను.

ఎలా నమ్మాలి? మొన్న సాయంత్రమే కదా వీడియో కాల్‌లో నన్ను కడిగేసింది. నా బాల్కనీలో సీతమ్మజడ పువ్వును పచ్చిగా ఉండగానే గింజల కోసం తెంపానట.

"చెట్టు మీదే ఎండనియ్యవే. నీకంత తొందరేంది?"

గురజాలలో మా అమ్మమ్మ ఇంటికి వచ్చినవాళ్లకు ఈ గోల తెలుసు. ప్రతి మొక్కకీ అన్నిటికంటే మంచి పువ్వు చూసి దారం కట్టేది. ఇక దాని జోలికి ఎవరూ వెళ్లకూడదు. దేవుడికి కూడా ఇవ్వదు. అది విత్తనానికి. ఎండాక దులిపి, చేటలో చెరిగి, బూడిద కలిపి మూట కట్టేది. కరెంటు మీటర్ రీడింగ్ తీసే ఆయన కూడా విత్తనాల పొట్లం లేకుండా మా గడప దాటలేదు.

బంతి, శంఖుపూలు, సీతమ్మజడ, అన్నీ ఉండేవి. చంద్రకాంత మాత్రం లేదు. ఎవరైనా తెచ్చి ఇచ్చినా నాటేది కాదు.

ఎందుకని నేను బాగా సతాయిస్తే ఒకే ఒక్కసారి చెప్పింది.

పంతొమ్మిది వందల నలభైల చివర్లో సంగతి. తనకప్పుడు పదేళ్లుంటాయేమో. వాళ్లది కృష్ణకు అవతల, నవాబు రాజ్యంలో ఊరు. అక్కడ తుపాకుల గొడవలు ముదిరి జనం ఇటు పల్నాడుకు పారిపోయి వస్తున్నారు. వాళ్లమ్మ అంతకుముందే జ్వరంతో పోయింది. ఆమె వేసిన చంద్రకాంత చెట్టు కింద రాలిన గింజలన్నీ ఏరుకుని, అవి లేకపోతే రానని మొండికేసిందట అమ్మమ్మ.

పుట్టి పడవలో నది దాటేటప్పుడు తడుస్తాయని వాళ్ల నాన్న ఆ మూటను తన రొంటిన దోపుకున్నాడు.

అదే కొంప ముంచింది.

ఇటు రేవులో పోలీసులు దిగినవాళ్లను దిగినట్టు ఆయుధాల కోసం సోదా చేస్తున్నారు. వీళ్లకంటే ముందు దిగిన ఒకతని దగ్గర నాటు తుపాకీ గుండ్లు దొరికాయి. చేతులు కట్టేసి ఇసుకలో కూర్చోబెట్టారు. అతని మొహం నిండా రక్తం.

తర్వాత వీళ్ల వంతు.

పోలీసు రొంటిన ఉన్న మూట తడిమాడు. విప్పాడు. గింజలు నల్లగా, గుండ్రంగా, అచ్చం గుండ్లలా ఉన్నాయి. చేతిలో పోసుకుని బరువు చూసే ఓపిక ఆ మనిషికి లేదు. ఎవరికి మోస్తున్నావని మెడ పట్టుకున్నాడు.

వాళ్ల నాన్నకు భయంతో నోరు పెగల్లేదు. రెండో పోలీసు తాడు తీసుకుని వస్తున్నాడు.

అప్పుడు అమ్మమ్మ ఒక గింజ లాక్కుని, రాయి మీద పెట్టి, ఇంకో రాయితో కొట్టింది.

లోపల తెల్లటి పిండి.

ఆడపిల్లలు ఈ పిండితో ఆడే పౌడర్ ఆటలో చేసినట్టే దాన్ని చెంపకు రాసుకుని, ఆ పోలీసు మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏడవలేదట.

అతను గింజలన్నీ ఇసుకలోకి విసిరేసి, పొమ్మన్నాడు.

వాళ్లమ్మ గింజలు కాళ్ల దగ్గరే పడి ఉన్నాయి. వంగితే దొరుకుతాయి.

మరి ఏరుకోలేదా అని అడిగాను.

"నాయన చెయ్యి నా చేతిలో వణుకుతా ఉంది. వంగాలంటే ఆ చెయ్యి ఇడవాల. ఇడవలేదే."

అంతే. లేచి బంతి గింజలు చెరుక్కోవడానికి వెళ్లిపోయింది.

ఊళ్లో ఎవరు చంద్రకాంత తెచ్చిచ్చినా అది అమ్మమ్మ వాళ్లమ్మ చెట్టు కాదు కదా. ఆ రోజు నాకు చానా ఏడుపొచ్చింది. ఈరోజు అసలు ఆగడం లేదు.

అమ్మమ్మా, ఇక నీ మూట విప్పి చూపించమని ఎవరూ అడగరు.

భయం లేకుండా వెళ్లు. నీ మనసు హాయిగా ఉండాలి.