నల్లరాయి అడుగు అంచు

2003 ఎండాకాలంలో నేను కడప జిల్లాలో భూగర్భ జలాల ఆఫీసులో అసిస్టెంట్ జియాలజిస్టుగా ఉన్నాను. బోరు ఎక్కడ వేయాలో పాయింటు పెట్టడం వరకే నా పని. వేసేటప్పుడు దగ్గరుండాలని రూలేమీ లేదు. వేంపల్లె దగ్గర ఓబుళమ్మ చీనీ తోటకు, అంటే బత్తాయి తోటకు, మాత్రం వెళ్ళాల్సి వచ్చింది. పాయింటు పెట్టింది నేనే, బోరు మధ్యలో ఆపేస్తున్నారని ఆమె కబురు పంపింది.

అక్కడి రిగ్గువాళ్ళకు ఒక పద్ధతి ఉంది. ఒక్కో రాడ్డు దిగినప్పుడల్లా పైకొచ్చిన పొడిని ఒక కుప్పగా పోస్తారు. వరసలో కుప్పల రంగు చూసి లోపలి రాయిని అంచనా వేస్తారు. ముందు కుప్పలు తెల్లగా ఉన్నాయి, తర్వాతవన్నీ నలుపే. రిగ్గు నడిపే మస్తాన్ ఇంజను ఆపేసి నీడన కూర్చున్నాడు.

"నల్లరాయి పడిండాది సార్. ఇంగ నీళ్ళు యాడివి? ఊరికే డీజిలు తగలబెట్టడమే" అన్నాడు.

"ఆకు ముడుచుకుంటాండాది సామీ. ఈ బోరు పోతే నాకింగ తోట లేదు. నువ్వు చెప్పు" అంది ఓబుళమ్మ.

రంగు చూసి తీర్పు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ నల్లరాయి ఒకప్పుడు కరిగిన రాయి. తెల్లరాయి పొరల మధ్యకు చొరబడి గడ్డకట్టింది. పైనా కిందా చల్లని రాయి తగిలిన చోట గబగబా చల్లారుతుంది, రేణువులు పెరగడానికి వ్యవధి ఉండదు. నడుమ నిదానంగా చల్లారుతుంది కాబట్టి అక్కడ రేణువులు బియ్యపు నూకంత అవుతాయి. పొడిలో ఇదేదీ కనపడదు. డ్రిల్లు దెబ్బకు అంతా ఒకటే పిండి. కుప్పల్లోంచి పెచ్చులు ఏరి, కడిగి, భూతద్దంతో చూడాలి.

ఓబుళమ్మ చాట తెచ్చింది, ఇద్దరం ఏరాం. నల్ల కుప్పల్లో మొదటిది సన్నం. తర్వాతవి ముతక, తెల్ల పలుకులూ నల్ల పలుకులూ ఒకదాన్లో ఒకటి అల్లుకుని ఉన్నాయి. చివరికొచ్చేసరికి మళ్ళీ సన్నబడ్డాయి. ఆఖరి కుప్పలో రేణువు కంటికి ఆనలేదు.

నల్లరాయి అయిపోవచ్చిందని చెప్పాను. కింద నీళ్ళుంటాయా అని ఆమె అడిగింది. అంచు దగ్గర తెల్లరాయి పగిలి ఉండొచ్చు, నీళ్ళుంటే ఆ పగుళ్ళలోనే ఉంటాయి, ఉన్నాయని మాత్రం చెప్పలేనన్నాను.

మస్తాన్ నవ్వాడు. "అదేందమ్మా, సార్ కూడా దేవునిమీదనే భారమేస్తాండాడే!"

ఆమె నవ్వలేదు. "ఇంత దూరం వచ్చి అంచుకాడ నిలబడేదేంది? దించప్పా" అంది.

తర్వాతి రాడ్డు దిగుతుండగానే పొడి తెల్లబడింది, ఆ వెనకే తడి. నీళ్ళు పడ్డాయి. నాకు సంతోషం వేసింది, దాచుకోను. కానీ ధార చూస్తేనే తెలుస్తోంది, అవి తోటంతటికీ చాలవు. ఓబుళమ్మ దోసిలి పట్టి ముఖం కడుక్కుంది. పాత చీర ఒకటి చింపి తోటలోకి వెళ్ళి, నీళ్ళు మానేయాల్సిన చెట్లకు పీలికలు కట్టడం మొదలుపెట్టింది.

రాయి ఎలా చల్లారిందో, ఎక్కడ అయిపోతుందో రేణువు చెబుతుంది. నీళ్ళ సంగతి చెప్పదు. ఆ తర్వాత ఏ బోరు దగ్గరైనా ఈ రెండు మాటలూ విడివిడిగానే చెప్పాను. మొదటిది అందరూ విన్నారు. రెండోది కూడా విని, ఆ తర్వాత దించమన్నది ఓబుళమ్మ ఒక్కతే.