మా అక్క కత్తిరించిన తోట

మా అక్కకు తోటలంటే ఇష్టం లేదు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, ఎందుకంటే ఇప్పుడా తోట చూసినవాళ్ళెవరూ నమ్మరు. చిన్నప్పుడు వరండాలో ఉన్న ఒక్కగానొక్క కుండీలో నీళ్ళు పొయ్యమంటే కూడా ఆ పని నా నెత్తినే రుద్దేది. తనకు తెలిసిందల్లా గుడ్డ. గుడ్డను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఉతికితే ఎంత ముడుచుకుంటుందో చెప్పేసేది.

బజారు వీధిలో తన కుట్టుకొట్టు ఎంత ఇరుకంటే, ఒకరు లోపలికి రావాలంటే ఇంకొకరు బయటికి పోవాలి. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, ఇస్త్రీ పెట్టె, పైనుంచి వేలాడే ఒక బల్బు. ఇరవై రెండేళ్ళు అక్క ఆ బల్బు కింద రాణిలా కూర్చుంది. తన దగ్గర పని నేర్చుకున్నావిడ ఒకతి ఉంది. మొదట్లో గుండీలు కుట్టడానికే వచ్చింది కాబట్టి అందరూ గుండీ అనే పిలిచేవాళ్ళు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి, అయినా గుండీయే.

ఆ కొట్టులో అక్క పెట్టిన రూలు ఒకటుంది. పట్టుగుడ్డ ముట్టుకునే ముందు వేళ్ళ కొసలు దాని అంచు మీద ఆనించి మెల్లగా లాగి చూసుకోవాలి. ఎక్కడైనా పోగు పట్టుకుందా, ఆ రోజుకు ఆ మనిషి నూలుబట్టలే కుట్టాలి. గిన్నెలు తోమి వచ్చిన చేతులతో గుండీ ఎన్నిసార్లు ఈ పరీక్ష తప్పిందో! అక్క మొహమాటపడేది కాదు. "చెయ్యి పడుతోంది, లే," అనేది, అంతే.

అలాంటి మనిషి తోటలోకి ఎలా వచ్చిపడిందో చెబుతాను. అక్కావాళ్ళు అద్దెకుండే మేడ గోడలు బీటలు తీశాయి, ఖాళీ చెయ్యమన్నారు. మా బావ నీళ్ళ ఆఫీసులో హెడ్ క్లర్కు. ఊరి చివర ఆ ఆఫీసువాళ్ళ పాత క్వార్టర్ ఒకటి పదిహేనేళ్ళుగా తాళం వేసి ఉంది. చుట్టూ ఎకరం తోట, తోట చుట్టూ మనిషి ఎత్తు గోడ. ఉండేవాళ్ళే తోటను బాగు చేసుకోవాలని షరతు. అందుకే ఎవరూ అటు తొంగి చూడలేదు. మా బావ మాత్రం చూశాడు, చూసి మురిసిపోయాడు.

"ఎంత గాలి! ఎంత చోటు! ఇన్నేళ్ళూ అగ్గిపెట్టెలో బతికాం కదే!" అన్నాడు.

"ఆ అగ్గిపెట్టె పక్కనే నా కొట్టు ఉందండీ," అంది అక్క.

"ఒక్క ఏడాది ఓపిక పట్టు. తోట ఓ దారిలో పడిందా, తోటమాలిని పెట్టేద్దాం. నువ్వు హాయిగా నీ కొట్టుకు పో. నేనెప్పుడైనా నీ మాట కాదన్నానా?"

నిజమే, కాదనలేదు. మా బావ మంచివాడు. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కంతా.

అక్క కొట్టు తాళం గుండీ చేతిలో పెట్టింది. "ఏడాదే. నా కుర్చీలో కూర్చో, కానీ దాని ఎత్తు మార్చకు," అంది. ఆ వరస కొట్ల ఓనరు కూడా పాత పరిచయం కొద్దీ సరేనన్నాడు. కాకపోతే, ఏడాది తిరిగాక కాగితం తిరగరాసేటప్పుడు కొట్లో ఎవరు కూర్చుంటే వాళ్ళ పేరే రాస్తానని తెగేసి చెప్పాడు. ఆ తారీఖు అక్క వంటింటి గోడ మీద సుద్దముక్కతో రాసుకుంది.

నేను ఆసుపత్రి కౌంటర్లో కూర్చుని రోగులకు చీటీలు రాస్తాను. వారానికొక సెలవు. మొదటి సెలవు రోజు వెళ్ళేసరికి అక్క కనబడలేదు. పిలిస్తే ముళ్ళతీగల గుట్టలోంచి "ఇక్కడున్నా" అని గొంతు వినిపించింది. అదేం తోట, నా తలకాయ! మెట్లేవో నేలేదో తెలీదు. గులాబీలు ముదిరి కట్టెలైపోయాయి. దానిమ్మ చెట్టును తీగ చుట్టేసి ఊపిరాడకుండా చేసింది. సిమెంటు తొట్టి నిండా కుళ్ళిన ఆకులు. గంటకొక బస్సు, అదీ చివరి స్టాపు. పగలంతా పలకరించే మనిషి లేడు.

"ఇదంతా నువ్వొక్కదానివే చేస్తావా?" అన్నాను.

"ఎంత తొందరగా అయిపోతే అంత తొందరగా పోతాను కదే," అంది.

తను తోటను దర్జీలాగే పట్టింది. ముందు టేపు పెట్టి కొలిచింది. పాత క్యాలెండరు కాగితాల వెనక నమూనా గీసి, ముక్కలుగా కత్తిరించి, వంటింటి బల్ల మీద పరిచి అటూ ఇటూ జరిపింది. ఉంచాల్సిన మొక్కకు తెల్ల పీలిక, తీసెయ్యాల్సిన మొక్కకు ఎర్ర పీలిక కట్టింది. దారికి రెండు వైపులా దారం లాగి, సుద్దపొడితో గీత గీసి, ఆ గీత మీదే కంచె మొక్కల్ని కత్తిరించింది. గీత గియ్యకుండా ఒక్క కొమ్మ కొయ్యలేదు. నేను నవ్వితే, "కోసాక అతికించలేం, నవ్వకు," అని కసిరింది.

ఆరు నెలలకు మెట్లు బయటపడ్డాయి. ఎనిమిదో నెలకు గులాబీలు పూశాయి. మెట్ల మీదనుంచి చూస్తే తోట మొత్తం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉండేది. మా బావ ఆఫీసునుంచి రోజుకొకర్ని వెంటబెట్టుకొచ్చేవాడు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే పాట: "అమ్మో, మీ చేతిలో ఏదో ఉందండీ! ఇలాంటి చెయ్యి అందరికీ ఉండదు." అక్క టీ ఇచ్చేది, నవ్వేది. వాళ్ళు పోయాక కప్పులు కడుగుతూ, "ఇంకో బరువు పెట్టిపోయారు," అనేది. ఆ మాట మా బావ చెవిన పడలేదు, పడినా మురిపెం అనుకునేవాడు.

నేనొకసారి ఉండబట్టలేక అన్నాను. "అక్కా, కావాలనే పాడుచెయ్యి. ఓ మూల వదిలెయ్. నాలుగు మొక్కలు ఎండనీ. అప్పుడైనా తోటమాలి గుర్తుకొస్తాడు బావకు."

తను నిజంగానే ప్రయత్నించింది. గోడవారన నిమ్మచెట్టు దగ్గర ఓ మూల నీళ్ళు మానేసింది. మరుసటి వారం వెళ్ళి చూస్తే ఆ మూలే అన్నిటికన్నా శుభ్రంగా ఉంది. "ఏమైంది?" అంటే, "రెండు రోజులు అన్నం సయించలేదే," అంది. ఇరవై రెండేళ్ళలో ఒక్క దారప్పోగు వేలాడే బట్ట కూడా ఇచ్చి ఎరగదు. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది?

పదో నెలలో బావ మాట నిలబెట్టుకున్నాడు, తోటమాలుల్ని పిలిపించాడు. మొదటివాడు కంచెను కంటిచూపుతో కొట్టేశాడు, గీత లేదు, పాడు లేదు. వంకర పోయింది. అక్క వెనక్కి పంపేసింది. రెండోవాడు మిట్టమధ్యాహ్నం నీళ్ళు పెట్టాడని పంపేసింది. మూడోవాడు పెద్దాయన, పనిమంతుడు, నేనే స్వయంగా వెతికి తెచ్చాను. అతను చేసినదాన్ని అక్క వెనకే తిరిగి మళ్ళీ చేసింది. నాలుగో రోజు ఆయనే దణ్ణం పెట్టి, "అమ్మా, మీకు తోటమాలి ఎందుకు?" అని వెళ్ళిపోయాడు.

బావ పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"నిన్నిక్కడ ఎవరూ కట్టెయ్యలేదు అక్కా. ముడి నువ్వే వేసుకుంటున్నావు!" అని అరిచాను.

అక్క మెట్ల మీద కూలబడింది. "తెలుసే," అంది. "తెలుసు కాబట్టే ఊపిరాడటం లేదు. ఎవరైనా ఆపితే పోట్లాడేదాన్ని. ఎవర్నని తిట్టను? గేటు తీసే ఉంది. పొద్దున్నే చెప్పులేసుకుని గేటు దాకా వెళ్తాను. దారిలో ఏదో ఒక కొమ్మ పక్కకు వాలి కనబడుతుంది. అది సరిచేసి తల ఎత్తేసరికి బస్సు పోతుంది." చెబుతూ చెబుతూనే మెట్టు సందులో మొలిచిన గడ్డిపోచను పీకింది. పీకి, నా వంక చూసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పిడికిట్లో దాచుకుంది.

గోడ మీద రాసిన తారీఖు రానే వచ్చింది. ఈసారి అక్కను నమ్మలేదు. సెలవు పెట్టి వెళ్ళి, చెయ్యి పట్టుకుని, దారిలో ఏ మొక్కనూ చూడనివ్వకుండా బస్సెక్కించాను. బస్సులో అక్క చిన్నపిల్లలా కిటికీ పక్కనే కూర్చుంది. బజారు మలుపు రాగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

కొట్టు అలాగే ఉంది. అదే బల్బు. కుర్చీ ఎత్తు మారలేదు. గుండీ అక్కను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అక్కా, మీ కోసం ఒకటి దాచాను," అంటూ కటింగ్ బల్ల కిందనుంచి ఒక మూట తీసింది. పాత ఖాతాదారు ఒకావిడ, స్కూల్లో పెద్ద టీచరమ్మ, ఆవిడ పట్టుగుడ్డ. మీ అక్క చేతే కోయించాలి, ఎన్నాళ్ళైనా ఆగుతానని ఇచ్చిపోయిందట. లేత నీలం రంగు, నీళ్ళలా జారిపోతోంది. ఓనరు మధ్యాహ్నం వస్తాడు. అప్పటిదాకా ఆగడం ఎందుకని అక్క కుర్చీలో కూర్చుంది, సుద్ద అందుకుంది. పుస్తకం చూడకుండానే టీచరమ్మ కొలతలు గడగడా చెప్పింది. ఏడాదిలో అంత తేటగా ఉన్న మొహం నేను చూడలేదు. ఇక గట్టెక్కాం అనుకున్నాను.

గుడ్డ పరిచింది. అలవాటు కొద్దీ వేళ్ళ కొసలు అంచు మీద ఆనించి లాగింది.

చిన్న చప్పుడు వినిపించింది. పోగు లేచింది.

అక్క చెయ్యి తిప్పి చూసుకుంది. నేనూ అప్పుడే సరిగ్గా చూశాను. వేలి కొసలన్నీ పగుళ్ళు, ఆ పగుళ్ళలో కడిగినా పోని మట్టి, ముళ్ళు గీసిన గీతలు, అరచేతిలో కాయలు. తోట చూసి "మీ చేతిలో ఏదో ఉంది" అన్నవాళ్ళెవరూ ఆ చెయ్యి చూడలేదు. వారం వారం వెళ్ళిన నేనూ చూడలేదు. రెండో చెయ్యి ఆనించింది. మళ్ళీ అదే చప్పుడు.

గుండీ తలొంచుకుంది. రూలు తనకు తెలుసు. ఆ రూలు నోరు తెరిచి చెప్పడం మాత్రం తన వల్ల కాలేదు.

"చెయ్యి పడుతోంది," అంది అక్క. తనకు తనే చెప్పుకుని, కుర్చీలోంచి లేచింది.

"నూనె రాస్తే నెల్లాళ్ళలో తగ్గిపోతుంది అక్కా! నీకేం పిచ్చా?" అని నేను గోల పెట్టాను. "అప్పటిదాకా నూలుబట్టలు కుట్టు!"

"నూనె రాస్తానే. పొద్దున్నే మళ్ళీ ఆ గులాబీల్లో చెయ్యి పెడతాను. నా సంగతి నాకు తెలీదా?" అంది నెమ్మదిగా. తర్వాత గుండీతో, "కూర్చో. మెడ దగ్గర పావు అంగుళం వదులు పెట్టు. ఆవిడకు బిగిస్తే నచ్చదు," అంది. గుండీ కూర్చుంది. అక్క పక్కన నిలబడి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, కత్తెర మొదటి కోత పడేదాకా చూసింది. కోత నిక్కచ్చిగా పడింది. ఓనరు వచ్చాక కాగితం మీద గుండీ పేరు రాయించిందీ అక్కే. నేను వీధిలోకి వచ్చి ఏడ్చాను.

తిరుగు బస్సెక్కి వచ్చేశాం. గేటు తెరిచేసరికి మెట్ల మీద మా బావ, ఆయన ఆఫీసు మిత్రులు నలుగురు, చేతుల్లో టీ కప్పులు. అక్కను చూడగానే బావ మొహం వెలిగిపోయింది. ప్రేమగా, గర్వంగా, అందరికీ వినబడేలా అన్నాడు:

"అదిగో, వచ్చేసింది మా తోటమాలి!"

అందరూ నవ్వారు. నేను నోరు తెరిచాను. ఆ రోజు ఆ మనిషికి నా నోటి దురుసు చూపించి తీరేదాన్నే.

"ఊరుకోవే," అంది అక్క, సంచి నా చేతికిస్తూ. "పైపు కట్టెయ్యకుండా వదిలేశారు చూడు, నీళ్ళన్నీ దారిలోకి పోతున్నాయి."

చెప్పులు విడిచి అటు నడిచింది.