ఓడ కొయ్యల మీద చింతపండు

మా మేనత్త పోయిందని నేను పంతులమ్మగా ఉన్న మారండహళ్ళికి టెలిగ్రాం వచ్చినప్పుడు నేను నమ్మలేదు. నన్ను తప్పు పట్టకండి. అంతకుముందు రెండుసార్లు ఆమే 'చాలా సీరియస్, వెంటనే రా' అని నాకు టెలిగ్రాం ఇప్పించింది. ఆదరాబాదరాగా బస్సెక్కి తమిళ సీమలోని మా ఊరు ధర్మపురికి పోతే, మండీ గడప మీద కూర్చుని చింతగింజలు తీస్తూ కనిపించింది. "ఎవురు పరిగెత్తుకొని వస్తారో, ఎవురు లీవు దొరకలేదంటారో చూద్దామని తంతి ఇచ్చినా" అంది. అందుకే ఈసారి బడిలో పాఠం ముగించి, అన్నం తిని, తీరిగ్గా బయలుదేరాను. మా వీధి మలుపు తిరిగాక మండీ తలుపులు రెండూ బార్లా తెరిచి ఉండడం చూసి కాళ్ళు ఆగిపోయాయి. అత్త ఉన్నన్నాళ్ళూ ఒక రెక్క మూసే ఉండేది.

పెళ్ళయిన కొన్నేళ్ళకే మామ పోతే పుట్టింటికి వచ్చి, వాళ్ళ తాత కట్టిన చింతపండు మండీని ఒంటిచేత్తో నడిపిన మనిషి ఆమె. అనుమానం పెనుభూతం అంటారు. అత్తకు మాత్రం అది పెంపుడు కుక్క, వాకిట్లో కట్టేసి రోజూ అన్నం పెట్టేది. దించిన ప్రతి బుట్టలోనూ మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగున తడి ఉందేమో, గింజ ఉందేమో తడిమేది. "పైన అందరూ మంచోళ్ళే, అడుగు చూస్తే కదా తెలిసేది" అనేది. తాళం వేశాక లాగి చూసేది. నన్నూ లాగమనేది. నేను సరిగ్గా లాగానో లేదోనని మళ్ళీ తనే లాగేది. తాళాల గుత్తి నడుము నుంచి దిగేది కాదు. పగలు ఎవరి ముందూ కన్ను మూసేది కాదు. ఆ అనుమానంలో పెరిగాను కాబట్టి నాకూ అది కొంచెం అంటుకుంది. అయినా ఈ లోకంలో నేను ఎక్కువగా ఇష్టపడిన మనిషి ఆమే.

కొన్నేళ్ళ కిందటి మాట. చింతపండు నేలకు తగిలితే చెమ్మ పట్టి నల్లబడుతుంది, అందుకని మండీలో నేలంతా పలకలు పరిచి ఉంటాయి. కొత్త సరుకు రాబోయే ముందు ఒక పలక విరిగింది. చెదలేమోనని అత్త పలకలన్నీ ఎత్తించింది. సెలవులకు పోయిన నేను పక్కనే ఉన్నాను. పలకలను మోస్తున్న దూలాలు మామూలువి కావు. విల్లులా వంగి, నల్లగా, గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి. వాటిలో బొటనవేలంత కొయ్య మేకులు, చిలుము పట్టిన రాగి మేకులు. ఒక దూలంలో అయితే నిమ్మకాయంత ఇనుప గుండు సగం దాకా దిగబడిపోయి ఉంది. చెద మాత్రం ఒక్కటీ లేదు.

"ఓడ కొయ్య అని తాత చెప్పినాడు" అంది అత్త. "ఆయన నోట్లో నిజం తక్కువ. అందుకే నేను నమ్మలా."

ఆ తాత చింతపండు బండ్లు కట్టుకొని మద్రాసు రేవుకు పోయేవాడట. ఖాళీ బండి ఇంటికి రాకూడదనేది బండ్లవాళ్ళ పట్టింపు. ఉప్పో, తాళ్ళో, ఏదో ఒకటి వేసుకొని రావాల్సిందే. ఒక ఏడు రేవులో విరిచి అమ్ముతున్న ఓడ కొయ్య దొరికితే అది వేసుకొచ్చాడట.

అత్త తలుపు మూసి కాపలా కూర్చుంది. ఆమె కాపలా కూర్చోవడంతోనే వీధికి అనుమానం పుట్టింది. నేల తవ్వితే పుదయల్ దొరికిందన్నారు, అంటే నిధి. ఎన్నడూ పలకరించనివాళ్ళు గిన్నెలో కూర పట్టుకొని వచ్చి లోపలికి తొంగి చూశారు. "బిందెనా అక్కా, గంగాళమా?" అని కూరగాయలామె నేరుగానే అడిగింది. "ఉత్త కొయ్య" అంటే, ఉత్త కొయ్యకు ఇంత కాపలా ఎందుకని నవ్వారు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది, నిజం చెప్పాలంటే.

ఎవరో పైకి చెప్పినట్టున్నారు, మద్రాసు నుంచి పాత వస్తువులు చూసే ఆఫీసరు ఒకాయన వచ్చాడు. దూలాలన్నీ తడిమి, వాసన చూసి, ఇవి తెరచాపల కాలం నాటి యుద్ధనౌక పక్కటెముకలన్నాడు. ఆ గుండు పోరులో తగిలిందే అయ్యుండాలన్నాడు.

"తగలడం నువ్వు చూసినావా?" అంది అత్త.

"లేదమ్మా. ఏ ఓడో, ఎవరిదో కూడా చెప్పలేను" అని నవ్వాడాయన. ఎక్కడివక్కడే ఉంచండి, ఇన్నాళ్ళూ చెడలేదు, మళ్ళీ వస్తానని బయలుదేరాడు. అత్త గుమ్మానికి అడ్డం నిలబడి ఆయన సంచీ తెరిపించింది. పోయినాక, "తెలీదు అన్నాడు కదా, వీడు కొంచెం నమ్మేదానికి ఉండాడు" అంది. ఆయన మళ్ళీ రాలేదు.

పుదయల్ మాట చచ్చి, అంతకన్నా చెడ్డ మాట పుట్టింది. యుద్ధం ఓడ అంటే అందులో మనుషులు చచ్చి ఉంటారు, వాళ్ళ నెత్తురు తాగిన కొయ్య మీద తిండి సరుకు పెడుతోంది అని. ఆ మాట వత్తల్‌మలై కొండ దాకా ఎక్కింది. కొండ మీది చింతపండే మా మండీకి ప్రాణం. వాళ్ళు వేరే మండీకి పోతే అత్త తాళం వేసుకోవలసిందే. ఆ రోజుల్లో ఆమె ముద్ద మింగడం నేను చూడలేదు.

ఒక పొద్దున కొండవాళ్ళ పెద్దాయన బండ్లు వీధి చివర ఆపి, వట్టి చేతులతో వచ్చాడు. పలకలు ఇంకా వేయలేదు. దూలాల వైపు చూస్తూ తన తమిళంలో అడిగాడు, "అక్కా, దీంట్లో మనుషులు చచ్చినారంటనే?"

"మీ తాత సరుకు దీని మీదే ఉండె, మీ నాయన సరుకూ దీని మీదే ఉండె. ఎవురికైనా కడుపు నొచ్చెనా?"

"అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసిపాయ కదా."

అత్త నడుము నుంచి తాళాల గుత్తి తీసి, ఆ గుండు దిగిన దూలం మీద పెట్టింది. పక్కన గోనెపట్ట పరిచి, కొయ్య మీద తల ఆనించి పడుకుంది. "చచ్చినోళ్ళు లేస్తే ముందు నన్నే లేపుతారు. నువ్వు కూర్చొని చూడు" అని ఆయనతో చెప్పి కళ్ళు మూసుకుంది.

నటిస్తోందనే అనుకున్నాను. రెప్పల కింద గుడ్లు కదులుతున్నాయేమోనని వంగి చూశాను. కాసేపటికి గురక మొదలైంది. పట్టపగలు, తలుపు తీసి ఉండగా, తాళాలు పరాయి మనిషి చేతికి అందేంత దూరంలో పెట్టి మా అత్త నిద్రపోయింది. పెద్దాయన తాళాల వైపు చూశాడు, నా వైపు చూశాడు, వచ్చి వాటి పక్కనే కూర్చున్నాడు. భద్రంగా లోపల పెడదామని నేను చెయ్యి చాపితే వద్దని అడ్డం పెట్టాడు. ఆ ఇంటి ఆడబిడ్డనైన నన్నే అనుమానించాడు.

ఎండ వాలాక అత్త లేచింది. ముందు తాళాలు తడుముకొని, "ఎవురైనా లేచినారా?" అంది.

"నువ్వే లేచినావు అక్కా" అన్నాడాయన. సాయంత్రానికి బండ్లు లోపలికొచ్చాయి. అత్త మామూలుగానే ప్రతి బుట్టలోనూ మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసింది. నిజంగా నిద్రపోయావా అని తర్వాత అడిగితే, "నమ్మితే పోయినా, నమ్మకుంటే లేదు" అంది.

మొన్న మండీ పలకల మీదే ఆమెను పడుకోబెట్టారు. అప్పటిలాగే వంగి రెప్పలు చూశాను. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చాలాసేపు చూశాను. మా ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళే గాని చదివేవాళ్ళు తక్కువ. అత్తకూ చదవడం రాదు. వచ్చినా నేను రాసింది నమ్మేది కాదు.

ఆడవాళ్ళం ఇంటి దగ్గరే ఉండిపోయాం. శ్మశానానికి కట్టెలు తోలిన బండి చీకటి పడకముందే ఖాళీగా తిరిగి వస్తూ కనిపించింది. కబురు విని కొండ దిగొచ్చిన పెద్దాయన వీధి చివర దాన్ని ఆపి, తను తెచ్చిన చింతపండు బుట్ట ఎత్తి పెట్టాడు. మైల ఇంటికి సరుకేమిటని ఎవరో గొణిగారు. "ఖాళీ బండి ఇంటికి రాగూడదంటుండె అక్క" అన్నాడాయన.

బుట్ట తెచ్చి ఓడ కొయ్యల మీద దించారు. అత్త నడుము నుంచి ఆడవాళ్ళు తీసి నాకిచ్చిన తాళాలు నా దగ్గర ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, బుట్టలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాను. అడుగున కూడా పొడిగానే ఉంది. ఎంతసేపటికీ చెయ్యి బయటికి తీయబుద్ధి కాలేదు.