ఏసేపు అయివారి జాజు ఎక్కాలు

మా బేతంచెర్ల బడిలో ఏసేపు అయివారు ఏ పాఠం మొదలుపెట్టినా మూడో నిమిషానికి అది అమెరికా చేరి జాజు సంగీతంలో పడేది. లెక్కలైనా, నదులైనా, ఆవు మీద వ్యాసమైనా ఇదే వరస.

"తుంగభద్ర యాడ కలుస్తాది?" అని అడిగేవారు.

"కృష్ణలో!"

"కృష్ణ?"

"సముద్రంలో!"

"ఇట్లనే అమెరికాలో మిసిసిపీ అని ఒక నది ఉండాది. అది సముద్రంలో కలిసే ముందర న్యూ ఆర్లియన్సు అని ఒక ఊరు..."

అంతే. తుంగభద్ర గట్టున బయలుదేరినవాళ్లం ఇంటిగంట కొట్టేదాకా వెనక్కి వచ్చేవాళ్లం కాదు. పన్నెండు మామిడిపండ్లు నలుగురికి పంచమంటే ఆ నలుగురూ బ్యాండువాళ్లు అయిపోయేవారు. ఎవరు ఏ వాయిద్యం వాయిస్తారో తెలిసేది గానీ, పండ్లు ఏమయ్యాయో తెలిసేది కాదు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆయన కలకత్తాలో పటాలం వంటశాలలో పనిచేశారు. పక్క డేరాల్లో అమెరికా నల్ల సిపాయిలు సాయంత్రమైతే జాజు వాయించేవాళ్లట. పప్పు మాడినా సరే, ఈయన చెవులు అక్కడే. వాళ్లలో ఒకాయన ఊరికి పోతూ తన ఇత్తడి బాకా, రెండు రికార్డులు ఈయన చేతిలో పెట్టి పోయాడు.

హెడ్మాస్టరు గాబ్రియేలుగారు నెత్తి కొట్టుకునేవారు.

"ఏమప్పా ఏసేపూ, నీ పిల్లోళ్లు ఎక్కాలు చెప్తాంటే ఆ గదిలో నా కాలు ఆడుతాండాది. ఇది బడేనా?"

"మంచిదే కదయ్యా. మీ కాలికి గూడా లెక్కలొచ్చినాయి."

కానీ ఆ సంగీతం ఎట్లా పుట్టిందో చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతు మారిపోయేది. "ఆఫ్రికాలో మనుషుల్ని పట్టి, ఓడల్లో కుక్కి, తీసకపోయి అమ్మినారు. పత్తి చేలల్లో పొద్దు పుట్టింది మొదలు చాకిరీ. పేర్లు మార్చినారు. వాళ్ల భాష మరిపించినారు. శానా చోట్ల డప్పు గూడా కొట్టనియ్యలేదు."

"మరి ఏం చేసినారు అయివారూ?" అని ఓబన్న అడిగాడు. వాడి నాయన క్వారీలో బండలు తీస్తాడు.

"చేతులుండాయి కదా, చప్పట్లు కొట్టినారు. కాళ్లుండాయి, నేలను తట్టినారు. ఒకరు పాట అందుకుంటే పదిమంది బదులు పలికినారు."

"మా నాయనోళ్లు గూడా అట్లే పాడుతారు! గడ్డపార వేసి బండ లేపేటప్పుడు!"

"సగం జాజు మీ ఇంట్లోనే ఉండాదిరా. మిగతా సగం ఇదిగో," అని గ్రామఫోనుకు కీ ఇచ్చి రికార్డు పెట్టారు. కాసేపు గరగర. తర్వాత బాకా లేచింది. నున్నగా పాలిష్ పట్టిన నాపరాయి మీద ఎండ పడినట్టు ఆ మోత గదంతా మెరిసింది. నలభైమందిమి నోరు తెరిచి కూర్చున్నాం. అన్ని కష్టాలు పడినవాళ్లు ఇంత వెలుగు ఎక్కడినుంచి తెచ్చారా అనుకున్నాను.

మా నాయనకు క్వారీలో గుమాస్తా పని దొరికి బనగానపల్లె నుంచి వచ్చి, నేను ఈ బడిలో ఐదో తరగతిలో చేరాను. ఆ మొదటి వారంలోనే నాగక్క అనే పిల్ల కూడా చేరింది. వాళ్లమ్మ రాళ్లు మోస్తుంది. పేరు చెప్పమంటే నాగక్క లేచి, "నా... నా... నా..." దగ్గరే ఆగిపోయింది. గదంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను.

అయివారు బెత్తం తీయలేదు. కళ్లు మూసుకుని, వేలు పైకెత్తారు. "ఉష్! మళ్లీ అను పాపా!" అని మెల్లగా తాళం వేశారు.

"నా-నా-నా-నాగక్క."

"అబ్బ! ఎవరు నేర్పినారు నీకిది? అమెరికాలో పెద్ద పాటగాళ్లు మాటను గబుక్కున వదలరు. నాలుగుసార్లు నోట్లో తిప్పి, రుచి చూసి, అప్పుడు వదుల్తారు. పదేండ్లు సాధన చేయాల దానికి!"

వారం తిరిగేసరికి బేతంచెర్లలో నలభైమంది పిల్లలకు నత్తి వచ్చింది. నేను ఇంటికి పోయి "అ-అ-అమ్మా, స-స-సంగటి పెట్టు" అంటే మా అమ్మ భయపడి దర్గాకు తీసకపోయి తాయెత్తు కట్టించింది. బడిలో మా అందరికీ గురువు నాగక్కే. "నీది బా-బా-బాగలేదు, తాళం కుదరలా," అని నన్ను మూడుసార్లు వెనక్కి పంపింది.

అప్పుడే కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. అక్కడినుంచి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బడిలో పాఠాలు మాని చిందులు నేర్పుతున్నారని ఎవరో అర్జీ పెట్టారట. అయివారి ఉద్యోగం పోతుందని ఊరంతా అనుకున్నారు. గాబ్రియేలుగారు పొద్దున్నుంచి ప్రార్థనలోనే ఉన్నారు.

ఇన్‌స్పెక్టరు నేరుగా నాగక్కకే వేలు చూపించాడు. "ఏడో ఎక్కం చెప్పు."

"ఏ... ఏ... ఏడు..."

"పాపం, నత్తి. కూర్చోబెట్టండి."

నాగక్క కూర్చోలేదు. "నత్తి గాదు సార్. జా-జా-జాజు!"

ఓబన్న చప్పట్లు అందుకున్నాడు. మేమంతా కలిశాం. నాగక్క "ఏ-ఏ-ఏడు ఒకట్ల?" అంటే మేము "ఏడు!" అన్నాం. "ఏడు రెండ్ల?" "పద్నాలుగు!" పోను పోను ఆ పిల్ల గొంతు తాళం మీద కూర్చుని, తడబాటు లేకుండా డెబ్బై దాకా పరిగెత్తింది. ఇన్‌స్పెక్టరు పెన్సిలు బల్లను తడుతోంది. ఆయనకే తెలియలేదు.

కాసేపటికి గొంతు సవరించుకుని, "పదమూడో ఎక్కం గూడా వస్తాదా?" అని ఆశగా అడిగాడు.

రిపోర్టులో రెండే ముక్కలు రాసిపోయాడు: పిల్లలకు ఎక్కాలు బాగా వచ్చు. శబ్దం ఎక్కువ.

ఐదేండ్ల తర్వాత టీచరు ట్రైనింగుకు కడప పోతూ అయివారికి చెప్పిరావడానికి వెళ్లాను.

"అయివారూ, జాజులో నత్తి అంత గొప్పా? నిజం చెప్పండి."

ఆయన గడ్డం గోక్కున్నారు. "అర్థంలేని పలుకులతో పాడేది మాత్రం ఉండాది పాపా, విన్నాను. మిగతాది నేను కలిపినా."

"ఎందుకు?"

"ఆ రికార్డులు పటాలం నుంచి వచ్చినప్పుడు పెట్టెలో పెట్టినవి. తీయనేలేదు. ఆ పొద్దు నాగక్క లేచి నిలబడింది, మీరు నవ్వితిరి. ఆ పిల్ల పలికింది తప్పు గాకుండా పోయే చోటు యాడన్నా ఉండాదా అని ఎతికినా. నాకు తెలిసినంతలో అదొక్కటే కనబడింది."

అంటే అంతకుముందు ఈయన మామూలు అయివారన్నమాట! మా నదులు, మా పండ్లు, మా ఎక్కాలు అన్నీ ఒక్క పిల్ల కోసం అమెరికా పోయాయి.

"నాగక్క ఆ ఏడే ధైర్యంగా మాట్లాడేసింది కదా అయివారూ! తర్వాతైనా ఆపకపోయినారా?"

"ఆపుదామనే అనుకున్నా పాపా," అన్నారాయన సిగ్గుపడుతూ. "అప్పటికే నాకు ఆ జాజు పిచ్చి పట్టుకునేసినాది!"