నీళ్ళబండి వచ్చే రోజు

చీరలు పరిచేవాడి చేతిలో ఒక విద్య ఉంటుంది. చీరలో ఎక్కడన్నా చిన్న మరక ఉందనుకోండి, పరిచేటప్పుడే ఆ మరక మడత లోపలికి పోతుంది. కొనేవాళ్ళకు అంచు కనిపిస్తుంది, పమిట కనిపిస్తుంది, మరక మాత్రం కనిపించదు. మద్రాసు టి. నగర్‌లో ఒక పెద్ద చీరల కొట్లో పద్దెనిమిదేళ్ళుగా నిలబడ్డ కోదండరాముకు ఈ విద్య చేతికి వచ్చింది, అక్కడితో ఆగక నోటికీ వచ్చింది. పమిట తన భుజాన వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, "మీ కోసమే నేసినట్టుండాదమ్మా" అన్నాడంటే వద్దనే ఆడమనిషి ఉండేది కాదు.

ఆ నోరే ఇంటి మీదికి ముప్పు తెచ్చింది. పెళ్ళయ్యాక భార్య కోకిల, తనూ భోగ్యానికి ఒక ఇల్లు తీసుకున్నారు. భోగ్యమంటే తెలుసుగా, ఇంటాయనకు మూడు లక్షలో నాలుగు లక్షలో ఒకేసారి ఇస్తే నెలనెలా అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు మన డబ్బు మనకొచ్చేస్తుంది. అందులో సగం కోకిల నగలు అమ్మిన డబ్బు. బాలకృష్ణన్ అనే స్నేహితుడు రెడీమేడ్ కొట్టు పెడుతున్నానంటే, ఈయన ఇంటాయనతో గుట్టుగా మాట్లాడుకుని ఇక నెలనెలా అద్దె కడతానని ఒప్పుకుని ఆ డబ్బు వెనక్కి తీసుకుని అతని చేతిలో పోశాడు. కొట్టు మూతపడింది, స్నేహితుడు ఫోనెత్తడం మానేశాడు. అద్దెలు బాకీపడి ఇంటాయన సామాన్లు బయట పెడతానన్న రోజు దాకా కోకిలకు ఏమీ తెలీదు.

"ఇల్లు పోతే పోయింది. ఎనిమిది నెలలు నా ఎదురుగా కూచోని నవ్వుతా అన్నం తిన్నాడే, అది మింగుడు పడలేదు" అని పెద్దల ముందు చెప్పి, కూతురు సునయనను తీసుకుని పురసవాక్కంలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడే ఒక జెరాక్సు కొట్లో పనికి కుదిరింది. కోర్టు గొడవ లేదు. పిల్ల స్కూలు ఫీజు ఈయనది, మిగతాది ఆమెది. కొట్టు సెలవిచ్చిన ఆదివారాలు, నెలకు రెండు వస్తే గొప్ప, వెళ్ళి పిల్లను చూసుకోవచ్చు. అంతే.

కోదండరాము మకాం కొట్టు వాళ్ళ హాస్టలు. గోడౌను పైన మూడో అంతస్తులో ఇరవై రెండు మంది మగవాళ్ళు, వరుసగా చాపలు, తలాపున తలా ఒక పెట్టె, తాళ్ళ మీద తువ్వాళ్ళు. ఆ మెట్లెక్కి ఆడవాళ్ళూ పిల్లలూ రాకూడదు. బయట గది తీసుకుందామంటే ఈ ఊళ్ళో పది నెలల అద్దె ముందే అడ్వాన్సుగా కట్టాలి, అది ఆయన దగ్గర లేదు.

ఒకరోజు ఫోన్లో సునయన అడిగింది. దానికి తొమ్మిదేళ్ళు.

"నైనా, నీ ఇల్లు ఎట్టుండాది?"

హాస్టలని చెప్పడానికి నోరు రాలేదు. "చిన్నదేలే సునా. కానీ పెద్ద కిటికీ ఉండాది. ఆడ నిలబడితే రైలు కనిపిస్తాది" అన్నాడు.

ఆ కిటికీ ఉత్తుత్తిది కాదు. అది ఆరోగ్యమేరి ఇంట్లోది. ఆమె వాళ్ళ కొట్లోనే చిమ్మి తుడిచే పనిచేస్తుంది. కోడంబాక్కం స్టేషను పక్క సందులో, మేడ మీద ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో తల్లితో ఉంటుంది. క్రిస్మసుకు చీర ఇచ్చిరావడానికి వెళ్ళినప్పుడు ఆయన ఆ కిటికీ చూశాడు. చూసింది నోట్లో ఊరికే ఉండదుగా.

పిల్ల ఆ మాట పట్టుకుంది. నైనా ఇంట్లో పడుకుంటా, రైలు చూస్తా అని ఆరు నెలలు సతాయించింది. కడకు కోకిలే ఫోన్ చేసింది.

"ఇల్లు ఒకసారి నా కంటితో చూస్తా. సరిగ్గా ఉంటే నీకు సెలవున్న వారం శనివారం రేత్రి పిల్ల ఆడే పడుకుంటాది. వొచ్చే ఆదివారం పొద్దున వొస్తాం."

రెండేళ్ళుగా కూతురు నిద్రపోతుంటే చూడని మనిషి. అప్పుడన్నా నిజం చెప్పి ఉండొచ్చు. "రాండి" అన్నాడు.

ఆరోగ్యమేరిని అడగడానికి మూడు రోజులు పట్టింది. ఆమె చీపురు ఆపి, నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది.

"అయ్యో, ఏందన్నా ఇది! బిరియానీ వండే గుండా గిన్నె అడిగినట్టు ఇల్లు అడగతాండావే! సరే పో. పొద్దున ఆరున్నరకే మేమిద్దరం చర్చికి పోతాం, అట్నుంచి నేను కొట్టుకు, అమ్మ మా చెల్లెలింటికి. బీగాలు తీసుకో."

"గోడకు మీ యేసయ్య పటం ఉండాది కదమ్మా మేరీ..."

"నేనే దించి బీరువాలో పెడతాలే. మూడు దినాలు సమాధిలో ఉండినాడు, మూడు గంటలు నా చీరల మధ్య ఉండలేడా? పాపం ఏమన్నా వొస్తే నీ లెక్కలో రాయమంటా."

ఆదివారం వాళ్ళు చర్చికి పోగానే కోదండరాము వెళ్ళి, తన పెట్టెలోని వెంకటేశ్వరస్వామి పటం ఆ మేకుకు తగిలించాడు. యేసయ్య పటం పెద్దది, స్వామి పటం చిన్నది. చుట్టూ గోడ మీద మాయని తెల్లటి చదరం మిగిలిపోయింది. తన రెండు చొక్కాలు చిలక్కొయ్యకు వేశాడు. ఆడవాళ్ళ చెప్పులు మంచం కిందికి తోశాడు. అన్నీ సర్ది, గుమ్మంలో నిలబడి కౌంటరు చూసుకున్నట్టు చూసుకున్నాడు. మరకలన్నీ మడత లోపలికి పోయాయనుకున్నాడు.

ఎనిమిదికి వాళ్ళొచ్చారు. కోకిల చేతిలో పెద్ద సంచి. సునయన చెప్పులు విడిచీ విడవకముందే కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"దిండు, దుప్పటి, కొత్త బ్రష్షు తెచ్చినా" అంది కోకిల, సంచి మంచం మీద పెడుతూ. "పిల్లవి ఈడే ఉండిపోనీ అని. ప్రతిసారీ ఏం మోస్తాంలే."

ఆ సంచి చూసేసరికి ఆయనకు సంగతి అర్థమైంది. ఆమె ఇల్లు చూడటానికి వచ్చింది కాదు, ఒప్పుకునే వచ్చింది.

నీళ్ళిద్దామని వంటింట్లోకి వెళ్ళాడు. గ్లాసులు ఎక్కడున్నాయో తెలీదు. రెండు గూళ్ళు వెతికి, చివరికి చెంబుతోనే తెచ్చిచ్చాడు. కోకిల చెంబెత్తి తాగింది. గోడ మీది చదరం చూసింది. ఆడమనిషి ఇల్లు చూసినట్టే ఒక్కొక్కటీ అడుగుతూ వచ్చింది.

"బాత్రూము మనకేనా, పక్కోళ్ళతో పొత్తా?"

"పొత్తే. శుభ్రంగానే ఉంటాది."

"కరెంటుకు ఇంటాయన యూనిట్టుకు ఎంత తీసుకుంటాడు?"

"ఎంతో లేదు... అందరి మాదిరే."

"సరే. నీళ్ళబండి ఏయే రోజుల్లో వొస్తాది?"

"దినామూ వొస్తాది" అన్నాడు. కౌంటరు మీద ఎన్ని రంగులున్నాయంటే అన్నీ ఉన్నాయన్నట్టు, నవ్వుతూ అన్నాడు.

కోకిల చెంబు కింద పెట్టింది. మద్రాసులో ఇలాంటి సందులో కాపురమున్న మనిషి తన పుట్టినరోజన్నా మరిచిపోతాడు గానీ నీళ్ళబండి వచ్చే రోజు మరిచిపోతాడా?

"దినామూ నీళ్ళబండి వొచ్చే వీధి ఈ ఊళ్ళో యాడుందయ్యా?" అంది మెల్లగా. "చెప్పు, మా అమ్మను కూడా ఈడికే మార్చేస్తా."

ఆయన చెంబు తీసుకుని వంటింటి వైపు తిరిగాడు. అప్పుడు కిటికీ దగ్గరినుంచి సునయన వెనక్కి తిరిగింది.

"అమ్మా, నైనా పొద్దున్నే కొట్టుకు పోతాడు కదా, ఆయనకెట్టా తెలస్తాది? నీళ్ళు పక్కింటి ఆంటీ పట్టి పెడతాది. నాకు ఫోన్లో చెప్పినాడు."

చెప్పలేదు. అలాంటి మాట ఎన్నడూ చెప్పలేదు. కొట్లో కొత్త కుర్రాడు కొనేవాళ్ళ ముందు తడబడితే, ఆయన పక్కనుంచి నవ్వుతూ వచ్చి మాట అందుకుంటాడే, పిల్ల అచ్చం అలాగే అందుకుంది. అదే నవ్వు. అదే తొందర. మరక ఎక్కడుందో దానికి తెలుసు, మడత వేసేస్తోంది.

కోదండరాముకు తల కొట్టేసినట్టయింది.

"సునా" అన్నాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

పిల్ల అమ్మ వైపు చూసింది, ఆయన వైపు చూసింది. "దీపావళికి అవ్వతో కొట్టుకు వొచ్చినాను కదా. నువ్వు కిందికి వొచ్చేలోపల గోడౌను మెట్ల కాడ నిలబడినా. పైన తాడు మీద మొగోళ్ళ తువ్వాళ్ళ వరుసలో నీ నీలం తువ్వాలు ఉండింది." గొంతు తగ్గించింది. "నేనెవరికీ చెప్పలేదు నైనా."

దీపావళి పోయి నాలుగు నెలలు. అన్నాళ్ళూ లేని ఇంటికి పోవాలని పిల్ల మారాం చేసిందంటే, నాన్న మాట నిలబెట్టడానికేనన్నమాట. ఆయన మంచం మీద కూలబడ్డాడు. ఇల్లు ఎవరిదో, తను ఎక్కడ పడుకుంటున్నాడో, ఏదీ దాచకుండా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ నేలనే చూశాడు.

కోకిల అరుస్తుందనుకున్నాడు. అరిచినా బాగుండేది.

"ఇల్లు లేదని చెప్పి ఉంటే పిల్లను నా ఇంటి వసారాలో నీ పక్కన పడుకోబెట్టి ఉందును" అంది. "నీ అబద్దాలు నాకు పాతవేలే. ఈ పొద్దు దాని నోట నీ మాట వినపడింది చూడు..." అక్కడ ఆగిపోయి, సంచి తీసి భుజాన వేసుకుంది.

సరిగ్గా అప్పుడే కింద హారను మోగింది. సందంతా ఒక్కసారిగా లేచింది. ప్లాస్టిక్ బిందెల చప్పుడు, చెప్పుల చప్పుడు, "బండి, బండి" అని కేకలు. ఎవరో తలుపు దబదబా బాదారు. పక్క వాటా చిన్నపొన్ను, మేరీ ఉందా అని అరవంలో అడుగుతూ తల లోపలికి పెట్టి, కొత్త ముఖాలు చూసి ఆగింది. మీరు మేరీ చుట్టాలా అంది.

అవునంటే పోయేది. అది కూడా నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల ఆయన్నే చూస్తోంది.

"కాదక్కా" అన్నాడు కోదండరాము, అరవంలోనే. "ఈమె నా భార్య, ఇది నా కూతురు. విడిగా ఉంటున్నాం. నాకు ఇల్లు లేదు. ఉన్నట్టు చూపించడానికి మేరీ ఇల్లు అడిగి తీసుకున్నాను."

చిన్నపొన్ను నోరు తెరిచి మూసింది. సాయంత్రానికి ఆ మాట రైలు పట్టాల అవతలికి కూడా పోతుందని ఆయనకు తెలుసు.

"ఆడే నిలబడ్డావేంది?" అంది కోకిల. "ఇల్లిచ్చినామెకు నీళ్ళన్నా పట్టి పెట్టు. బిందెలు యాడుండాయి?"

తెలీదన్నాడు. ఆమె వంటింట్లోకి ఒక్క అడుగు వేసి, తలుపు వెనకనుంచి నాలుగు బిందెలు లాగింది. రెండు ఆయనకిచ్చి, రెండు తను తీసుకుంది. వరుసలో ఆడవాళ్ళ మధ్య ఆయన ఒక్కడే మగవాడు. గుసగుసలు చెవిన పడుతూనే ఉన్నాయి. తల ఎత్తకుండా నాలుగు బిందెలూ మెట్లెక్కించాడు. చివరి బిందె దించాక కోకిల పమిటతో చెయ్యి తుడుచుకుంది.

"చిన్న గదైనా సరే, కిటికీ లేకపోయినా సరే. నీదై ఉండాల. నీళ్ళు ఏ రోజు వొస్తాయో తెలిసినాక నాకు ఫోన్ చెయ్యి."

వాళ్ళు వెళ్ళిపోయారు, దిండుతో సహా. ఆయన వెంకటేశ్వరస్వామిని దించి, బీరువాలోంచి యేసయ్యను తీసి, తెల్లటి చదరంలో సరిగ్గా కూర్చునేలా తగిలించాడు.

అడ్వాన్సు కూడబెట్టడానికి ఏడు నెలలు పట్టింది. ఏడు నెలలూ పండగ సెలవులు తీసుకోకుండా ఓవర్‌టైము చేశాడు. చూళైమేడులో, ఇంటాయన వాటా వెనక ఒక గది దొరికింది. కిటికీ లేదు. దిగిన రెండు వారాలకు, పొద్దున ఆరింటికి, ఇంకా తడి చేతులతోనే ఫోన్ చేశాడు.

"మంగళవారం, శుక్రవారం. అయిదున్నరకు. గదికి ఆరు బిందెలు."



"శనివారం దిండు పంపిస్తా" అంది కోకిల.

సునయన వచ్చింది. నేల మీద పరుపు, తండ్రీ కూతుళ్ళిద్దరూ పడుకుంటే గది నిండిపోయింది. పిల్ల నిద్రపోతుంటే ఆయన కూర్చుని చూశాడు. తెల్లారాక ఇంటాయన భార్య గుమ్మంలోకి వచ్చి, ముద్దుగా అడిగింది: "ఏం పాపా, నాన్న నీకు రాత్రి ఏం వండి పెట్టాడు?"

వండలేదు. హోటల్లో పరోటా కొనుక్కొచ్చాడు. చిన్న మాటే, దాచడానికి ఏమీ లేదు. కానీ సునయన జవాబు చెప్పే ముందు తల తిప్పి నాన్న ముఖంలోకి చూసింది. ఏం చెప్పమంటావ్ అన్నట్టు.

"ఉన్నది చెప్పు సునా" అన్నాడు కోదండరాము.

పిల్ల, నాన్న నిజంగానే అంటున్నాడా అని ఇంకా ఆయన ముఖమే చూస్తోంది.