జీడిపప్పు పళ్లెం ముందు పాఠం

టెక్కలిలో ఒక కాలేజీలో నేను జంతుశాస్త్రం చెబుతాను. మెదడు పాఠమంటే నాకు మహా మోజు. నోరూరించే వస్తువు కంటపడగానే లోపల డోపమిన్ ఎలా ఎగసిపడుతుందో బొమ్మ గీసి చూపిస్తాను. నాలుకకు నచ్చడం వేరు, మెదడు కావాలని పట్టుబట్టడం వేరు అని గొంతు పెంచి మరీ చెబుతాను. గంట కొట్టగానే గేటు ఎదురుగా బండి దగ్గరికి వెళ్లి నాలుగు మిరపకాయ బజ్జీలు తింటాను. ఈ రెండు పనులకూ సంబంధం ఉందని ఇన్నేళ్లలో నాకు ఒక్కసారీ తోచలేదు.

నిరుడు షుగరు ఉందని తేలింది. చదువు లేనివాళ్లయితే తిండి తగ్గిస్తారు. నేను వివరణలు మొదలుపెట్టాను. మా ఆవిడ అన్నం తగ్గించి వడ్డిస్తే, "ఇందులో నా తప్పేం లేదు. దొరికినప్పుడే తినెయ్యమని కరువు రోజుల్లో మనిషి మెదడు నేర్చుకుంది" అన్నాను.

ఆవిడది ఉద్దానంలో కొబ్బరితోటల ఊరు. మాట నాన్చదు.

"మీ మెదడుకి కరువొచ్చిందేమో గానీ, మీ పొట్టకి ఎప్పుడూ రానేదు" అంది.

ఆ మధ్య కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతున్న నా పాత శిష్యుడు ఫోన్ చేశాడు. "మాస్టారూ, మా ఆడోల్లు సిప్సు ప్యాకెట్లు తినీసి ఒల్లు పాడు సేసుకుంతన్నారు. ఒచ్చి నాలుగు ముక్కలు సెప్పండి" అన్నాడు. షుగరు మనిషిని తిండి గురించి చెప్పమన్నందుకు సిగ్గుపడాల్సింది పోయి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను.

పప్పు ఏరే గదిలో ముప్పై మంది దాకా ఆడవాళ్లు కూర్చున్నారు. నా ముందు బల్ల మీద, నెయ్యిలో వేయించి ఉప్పూ కారం చల్లిన జీడిపప్పు నిండు పళ్లెం పెట్టారు. మర్యాద కోసం ఒకటి నోట్లో వేసుకుని పాఠం అందుకున్నాను. ఉప్పూ నూనే కలిస్తే మెదడు ఎలా లొంగిపోతుందో, చెయ్యి మనకు తెలియకుండానే ఎలా కదులుతుందో ముప్పావుగంట చెప్పాను. అందరూ కన్నార్పకుండా చూస్తున్నారు. నా మాటలకే అనుకున్నాను.

ముందు వరసలో ఉన్న ఒక పెద్దావిడ లేచింది.

"మాస్టారూ, మీరు సెప్పినాదంతా బాగున్నాది. మరి పల్లెం ఎవులు కాలీ సేసినారు?"

చూసుకున్నాను. అడుగున కారం మాత్రం మిగిలింది.

"ఉదాహరణ కోసం తిన్నానమ్మా" అన్నాను.

"ఉదారణకి రెండు సాలవేటి?"

గది గదంతా నవ్వింది. నా శిష్యుడు తల వంచుకుని దగ్గాడు. మాట మార్చడానికి, రోజంతా పప్పు మధ్యే ఉంటారు కదా, మీకు తినాలనిపించదా అని అడిగాను.

"కొత్తలో అందరం తింతాం బాబూ. రోజల్లా అదే సూత్తే మొకం మొత్తిపోతాది. నాకు పకోడీ పిచ్చి. టేసన్ కాడ ఆ వాసనొత్తే కాల్లు ఆగవు. అందుకని అటేపు ఎల్లడం మానీసినాను. సుట్టు తిరిగి ఇంటికెల్తాను."

నా ముప్పావుగంట ఉపన్యాసంలో ఆ సలహా ఎక్కడా లేదు.

మా ఆవిడ పిన్ని అక్కడే పని చేస్తుంది. నేను ఇంటికి చేరేలోపే కబురు చేరింది. మా ఆవిడ నేరుగా వంటింట్లోకి నడిచింది. జీడిపప్పు డబ్బా, జంతికల డబ్బా పట్టుకెళ్లి, పక్కింట్లో రిటైరైన పంతులమ్మకి అప్పగించి వచ్చింది.

"డబ్బాలేటీ దాసీనేదు. కావాలంతే ఎల్లి అడుక్కోండి" అంది.

రెండు రోజులు బింకంగా ఉన్నాను. మూడో రోజు సాయంత్రం వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. వెనక బెంచీల దాకా వినబడేలా పాఠం చెప్పిన గొంతు ఆ పంతులమ్మది.

"జీడిపప్పుకేనా మాస్టారూ? ఎన్ని కావాలేటి?"

ఎదురింటి తలుపు తెరుచుకుంది.

"రెండు" అన్నాను.

"రెండు సాలంట!" అని పంతులమ్మ గోడ మీదుగా మా ఆవిడకి కేకేసింది. లెక్కపెట్టి అరచేతిలో వేసింది. అక్కడే నిలబడి తిన్నాను. బాగానే ఉన్నాయి గానీ, మూడు రోజులు ఊహించుకున్నంత లేవు. ఈ సంగతి నేను ఇరవయ్యేళ్లుగా పిల్లలకి చెబుతున్నాను. నాకు తెలిసింది మాత్రం ఆ పూటే.

కొన్నాళ్లకి షుగరు కాస్త దిగింది. తోటి లెక్చరర్లు రహస్యం ఏమిటని అడిగారు. ఆత్మనిగ్రహం అన్నాను. మెదడుని మచ్చిక చేసుకోవడం మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. పంతులమ్మ ఊసెత్తలేదు.

మొన్న ముసురు పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం మళ్లీ ఆవిడ గుమ్మం ఎక్కాను. లోపల చుట్టాలు కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు జీడిపప్పు అడగడానికి నోరు రాక, పేపరు ఉందా అని అడిగాను. ఆవిడ నా మొహం ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంటూ పేపరే తెచ్చి ఇచ్చింది. ఇంటికి తెచ్చుకుని, టెండరు ప్రకటనలతో సహా మొత్తం చదివాను.